పక్కవాళ్ళ టికెట్లు ముందు

మా బావ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యాడు కాబట్టి చేసేవాడు అనాలేమో. ఉద్యోగం వదిలింది గానీ తనిఖీ వదల్లేదు, నేను చెప్పబోయేది ఆ సంగతే. ఆయన మా అక్క మొగుడు. ఎదురుగా ఉంటే "మీరు" అంటాను. ఇప్పుడు ఎదురుగా లేడు.

డిపోలో కండక్టర్లు ఆయనకి గద్ద అని పేరు పెట్టారు. అది తెలిసి ఇంకొకడైతే చిన్నబుచ్చుకునేవాడు. మా బావ పొంగిపోయాడు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ పేరు తనే చెప్పుకునేవాడు. ఆయన పద్ధతి ఒకటుంది. బస్సెక్కగానే టికెట్టు లేనివాడెవడో ఆయనకి ఇట్టే తెలిసిపోతుందట. కానీ నేరుగా వాడి దగ్గరకి వెళ్ళడు. వాడి ముందు సీటువాళ్ళని అడుగుతాడు, వెనక సీటువాళ్ళని అడుగుతాడు, పక్కనున్న ముసలాయన టికెట్టు తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసి, "జాగ్రత్తగా పెట్టుకోండి తాతగారూ" అని మర్యాదగా తిరిగిస్తాడు. అసలువాణ్ణి మాత్రం చూడనట్టే దాటిపోతాడు. గండం గడిచిందని వాడు ఊపిరి వదులుతాడు చూడండి, అప్పుడు వెనక్కి తిరుగుతాడు.

"ఆ ఊపిరి వదిలేదాకా ఆగాలి మరదలా. ముందే పట్టేసుకుంటే ఏముంది అందులో?" అనేవాడు, టీ చప్పరిస్తూ.

ఇంకో సూత్రం కూడా ఉండేది. టికెట్టు కొన్నవాడు ఎప్పుడూ చిరాగ్గా దిగుతాడట, సీటు దొరకలేదనో బస్సు ఆలస్యమైందనో. హాయిగా దిగేవాడు టికెట్టు లేనివాడేనట. "మనిషి కారణం లేకుండా సంతోషంగా ఉన్నాడంటే వాడి జేబు వెతకాలి" అనేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని. అక్క నవ్వేది కాదు, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

మా అక్కకి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. ఉంది, వాడుకునే సందు దొరకలేదంతే. దానికి చిన్నప్పటినుంచీ నీళ్ళంటే పిచ్చి. బట్టలు నానబెట్టమని అమ్మ పంపిస్తే బకెట్లో మోచేతులదాకా చేతులు ముంచి అలాగే కూర్చుండిపోయేది. "ఏమే, నీళ్ళలో నిద్రపోయావా?" అని అమ్మ వచ్చి వీపుమీద ఒకటి అంటించేది. పెళ్ళయ్యాక ఆ ముచ్చట గిన్నెలు కడగడంలో తీర్చుకునేది. ఆయన టీవీ ముందు కూర్చుని "కుళాయి కట్టెయ్" అని అరిచేవాడు. అది కట్టేసేది.

రిటైరయ్యాక ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే. అక్క తల ప్రాణం తోకకొచ్చింది. ఫ్రిజ్ ఎందుకు తీశావు, స్టవ్ మంట అంత ఎందుకు పెట్టావు, ఆ తలుపు చప్పుడు చేసిందెవరు, కింద దర్జీ ఆవిడతో అంతసేపు ఏం మాట్లాడావు? ప్రతిదానికీ లెక్క చెప్పాలి. చెప్పిన లెక్కని మళ్ళీ కింద దర్జీ ఆవిడ దగ్గర సరిచూసుకునేవాడు.

అప్పుడు వాళ్ళమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. వేరే ఊళ్ళో ఆఫీసులో పనిచేస్తుంది. జీవితానికి ఒక అర్థం వెతుక్కోవడమెలాగో వాళ్ళ ఆఫీసులో క్లాసు పెట్టారట, అది విని వచ్చిన ఊపులో ఉంది. తండ్రిని సోఫాలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, మూడే ప్రశ్నలు. ఆలోచించి చెప్పాలి. ఏ పని చేస్తుంటే నీకు టైమే తెలీదు? ఎవరూ అడక్కపోయినా ఏ పని చేస్తావు? ఏ పని చేసిన రోజున నీకు హాయిగా నిద్రపడుతుంది? ఈ మూడింటికీ ఒకటే జవాబు వచ్చిందనుకో, అదే నీ ప్యాషన్. అదే నువ్వు చెయ్యాల్సిన పని."

బావ బుర్ర గోక్కున్నాడు. ఏమీ తట్టలేదు. "సరే, వెతుకుదాం" అంది పిల్ల. వంటింట్లో గిన్నెలు కడుగుతూ మా అక్క కూడా ఆ ప్రశ్నలు విన్నది. దాన్నెవరూ అడగలేదు. అడక్కుండానే దానికి మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో చెప్పి, తప్పుచేసినట్టు మొహం పెట్టింది.

బావ వెతుకులాట చూసి ఆ ఇంట్లో అన్ని వాటాలవాళ్ళూ నవ్వుకున్నారు. ముందు మొక్కలు. కుండీలు తెచ్చాడు, వేళ్ళు పట్టాయో లేదోనని రోజూ పీకి చూసేవాడు, అన్నీ చచ్చాయి. తర్వాత సంగీతం. గుంపుగా పాడేటప్పుడు ఎవరెవరు పాడకుండా ఊరికే నోరు కదుపుతున్నారో పాఠం మధ్యలో లేచి నిలబడి చెప్పాడు. మాస్టారు దణ్ణం పెట్టి పంపించేశాడు. పార్కులో చదరంగం ఆడబోయి, ఎదుటి ముసలాయన బంటుని రెండుసార్లు జరిపాడని పట్టుకుని, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా వదల్లేదు. పొద్దున్నే నడిచేవాళ్ళతో కలిశాడు. ఎవరు అడ్డదారిన వచ్చి మొత్తం చుట్టూ నడిచినట్టు చెప్పుకుంటున్నారో వారంలో తేల్చాడు. వాళ్ళు ఈయనకి చెప్పకుండా టైము మార్చుకున్నారు.

"ఏదీ నాకు పడట్లేదే" అని కూతురితో ఫోన్లో వాపోయేవాడు పాపం. ఆ మనిషికి ఏది పడుతుందో మాకందరికీ కనబడుతూనే ఉంది. ఆయనకొక్కడికే కనబడలేదు.

ఇక అక్క సంగతి. మా వీధి చివర ఈత కొలను ఉంది. పొద్దున ఒక గంట ఆడవాళ్ళకి. నేను అందులో పాసు తీసుకుని, ఆ నీళ్ళలో కలిపే మందు పడక ఒళ్ళంతా దద్దుర్లెక్కి మానేశాను. యాభై దాటినవాళ్ళు చేరాలంటే ఇంట్లో ఉండేవాళ్ళెవరైనా బాధ్యత తీసుకుంటున్నట్టు సంతకం పెట్టాలని అక్కడ నిబంధన. అక్క ఇంట్లో ఉండేది ఆయనొక్కడే. మాటవరసకి అన్నట్టు ఓసారి అడిగి చూసింది. "ఈ వయసులో నీళ్ళలో దూకుతావా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు. అక్కడితో సరి. నా ముక్కూ దాని ముక్కూ ఒకటే. టోపీ పెట్టుకుంటే ఎవరు ఎవరో మా అమ్మే తేల్చలేదు. నా పాసు తీసి దాని చేతిలో పెట్టాను. ఈ రోజుకీ ఆ పని చేసినందుకు నేను బాధపడను. మోకాళ్ళ వైద్యానికి వెళ్తున్నానని మొగుడికి చెప్పి, అది నీళ్ళలోకి దిగింది.

నెల తిరిగేసరికి చేపలా ఈదింది అంటే అబద్ధం. బాగానే ఈదేది, అంతే. అది కనుక్కున్న విద్య వేరు. భయపడేవాళ్ళకి నీళ్ళమీద తేలడం నేర్పడం. అక్కడికి పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ వచ్చేది. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి కేకలు పెట్టే రకం. కోచ్ మేడం విసిగిపోయి ఆశ వదులుకుంది. అక్క ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మెడకింద అరచెయ్యి పెట్టి, "ఇవాళ మీ కోడలు మళ్ళీ ఏమంది?" అని అడిగింది. ఆవిడ కోడలిమీద కచ్చంతా కక్కుతూ పోయింది. ఆ కచ్చ సగంలో ఉండగా అక్క చెయ్యి తీసేసింది. ఆవిడకి తెలియదు. కోడలి తల్లిదాకా వచ్చాక గానీ చూసుకోలేదు, నీళ్ళు తనని మోస్తున్నాయని. ఏడ్చేసిందట. తర్వాత రిటైరైన నర్సు వచ్చింది, ఆ తర్వాత ఇంకొంతమంది. అందరికీ మా అక్కే కావాలి.

కోచ్ మేడం మంచిది. పాసు సంగతి అక్కే చెప్పేసింది ఆవిడకి, దాచలేక. "నాకిక్కడ సహాయకురాలి పోస్టు ఒకటి ఖాళీగా ఉందమ్మా. వచ్చే నెల మొదట్లో మిమ్మల్ని తీసుకుంటాను. పనిచేసేవాళ్ళకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. అప్పుడు మీ పేరుతోనే కార్డు వస్తుంది. అందాకా నోరు మెదపకండి" అంది.

అక్క ఆ కబురు నాకు చెప్పడానికి మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. మా అక్క పరిగెత్తగా నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. గడపలో నిలబడి, "నా పేరుతోనేనే" అంది. చిన్నపిల్లకి కొత్త బట్టలు చూపించినట్టుంది మొహం. నాకు దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

సంతోషం దాచుకోవడం దానికి చేతకాలేదు, అలవాటు లేదు కదా. మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకోవడం మానేసింది. పని చేసుకుంటూ కూనిరాగాలు తీసేది. ఆవురావురుమంటూ తినేది. మోకాళ్ళ వైద్యం అంత బాగా పనిచేస్తే ఊళ్ళో అందరూ అక్కడే ఉండేవాళ్ళు. గద్ద కంటికి ఇంకేం కావాలి? కారణం లేకుండా సంతోషంగా ఉన్న మనిషి సొంత ఇంట్లోనే దొరికింది.

ఆయన దాన్ని ఏమీ అడగలేదు. పక్కవాళ్ళని అడిగాడు. కింద దర్జీ ఆవిడ దగ్గర కూర్చుని, పొద్దున్నే ఎవరి జడలు తడిగా ఉంటున్నాయో కబుర్లలో లాగాడు. మోకాళ్ళ వైద్యుడి దగ్గరకి తన మోకాలు పట్టుకుని వెళ్ళాడు. మా ఇంటికొచ్చి టీ తాగుతూ, "ఈత మానేశావటగా, దద్దుర్లు తగ్గాయా మరదలా?" అన్నాడు. "తగ్గాయి బావా" అన్నాను. మర్యాదకి అడుగుతున్నాడనుకున్నాను. ముసలాయన టికెట్టు వెలుతురుకెత్తి చూసి తిరిగిచ్చినట్టు, "జాగ్రత్త" అని లేచి వెళ్ళాడు.

ఆ తర్వాత అక్కని చూడనట్టే దాటిపోయాడు. పైగా వెన్నలా మెత్తబడ్డాడు. మోకాళ్ళకి రాసుకోమని మందు తెచ్చాడు. ఫ్రిజ్ ఎందుకు తీశావని అడగలేదు. కుళాయి పారుతున్నా అరవలేదు.

"మనిషి మారాడే. కార్డు చేతికి రాగానే నేనే చెప్పేస్తా. ఏమీ అనడేమో" అంది అక్క నాతో. గుండెలనిండా గాలి పీల్చి వదిలింది. ఆయన పద్ధతి నాకు తెలుసు, వందసార్లు విన్నాను. అయినా ఆ క్షణాన నాకు గుర్తురాలేదు. సొంత పెళ్ళాన్ని బస్సులో ప్రయాణికురాలిలా చూస్తాడని ఎవరికి తడుతుంది?

ఆ వారంలోనే నాకు ఫోన్ చేశాడు. "రేపు పొద్దున ఈత కొలను దగ్గరకి రా మరదలా. మీ అక్కకి సర్‌ప్రైజ్ ఇద్దాం. దాని సంగతంతా నాకు తెలిసిపోయిందిలే" అన్నాడు నవ్వుతూ. నేను నమ్మాను. నమ్మడమే కాదు, బజారుకెళ్ళి అక్కకోసం కొత్త తువ్వాలు కొన్నాను, ఉద్యోగానికి పనికొస్తుందని. మంచి మెత్తటి నీలం తువ్వాలు. అది చంకలో పెట్టుకుని గంతులేసుకుంటూ వెళ్ళాను.

అక్కడ మేనేజరు మొహం మాడ్చుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మా బావ ముందే అతనికి ఫిర్యాదు చేశాడు. "ఒకరి పాసుమీద ఇంకొకరొస్తున్నారు మీ దగ్గర. రేపెవరైనా మునిగిపోతే, పాసుమీదున్న మనిషి ఇంట్లో భోంచేస్తుంటుంది. పోయినామె ఎవరో మీకు తెలియదు. ఏం సమాధానం చెప్తారు?" అన్నాడట. అందులో తప్పేముందో చెప్పండి? అదే మా బావతో వచ్చిన చిక్కు, ఆయన మాట ఎప్పుడూ తప్పు కాదు. మేనేజరు హడలిపోయి, ఇవాళ అందరినీ ఆపి చూస్తామన్నాడు. "మీకు అలవాటు లేదు, నేను చూసిపెడతాను" అన్నాడీయన.

ఆడవాళ్ళ గంట అయిపోయింది. తడి జుట్టుతో, తువ్వాళ్ళు భుజాల మీద కప్పుకుని ఒక్కొక్కరే గేటు దగ్గరకొచ్చి వరసలో నిలబడ్డారు. అక్క మధ్యలో ఉంది. వెనక్కి తిరిగి నర్సుతో ఏదో చెప్పి నవ్వుతూ ముందుకి తిరిగి, ఆయన్ని చూసింది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

బావ దాని ముందున్న పోస్టాఫీసు ఆవిణ్ణి అడిగాడు. పాసు చూసి, "థాంక్సమ్మా" అన్నాడు. అక్కని దాటి నర్సు దగ్గరకి వెళ్ళాడు. "జాగ్రత్తగా పెట్టుకోండి" అన్నాడు. ఇంకా వెనకున్నవాళ్ళ దగ్గరకి వెళ్ళాడు. అక్క నావైపు చూసింది. నా చేతిలో కొత్త తువ్వాలు చూసింది. ఏమనుకుందో ఏమో, భుజాలు కాస్త దిగాయి, ఊపిరి వదిలింది.

ఆయన వెనక్కి తిరిగాడు.

"పాసు చూపించండమ్మా."

అక్క ఇచ్చింది. ఆయన ఫొటో చూశాడు, దాని మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"ఈ ఫొటోలో ఎవరు?"

"ఏమండీ..."

"ఫొటోలో ఎవరమ్మా?"

"మా చెల్లెలు."

"ఆవిడ ఎక్కడున్నారు?"

అక్క నన్ను చూపించింది. నన్నెందుకు పిలిచాడో అప్పుడు తెలిసింది. ఫొటోని నా మొహం పక్కన పెట్టి మేనేజరుకి చూపించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సిగ్గుందా మీకు? మీ పెళ్ళాం అది!" అని అరిచాను.

"చూశారా, బంధువులు ఇలాగే గోల చేస్తారు" అన్నాడు మేనేజరుతో. నిజంగా నవ్వుతున్నాడు. అంత వెలుగు ఆయన మొహంలో కూతురు పుట్టిన రోజున కూడా నేను చూడలేదు. అక్కవైపు తిరిగాడు. "ఈ పాసు మీదా కాదా?"

"కాదు."

"గట్టిగా చెప్పండి. వాళ్ళకీ వినబడాలి."

"నాది కాదు" అంది మా అక్క, అది తేలడం నేర్పిన ఆడవాళ్ళందరి ముందూ. జడ చివరినుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేను తువ్వాలు కప్పబోతే వద్దంది.

"పక్కకి రండి" అన్నాడు. పాసు మూల చింపి మేనేజరు చేతిలో పెట్టాడు. బస్సులో చెల్లని టికెట్లు అలాగే చింపేవాడు.

పోస్టాఫీసు ఆవిడ మేనేజరు కాళ్ళావేళ్ళా పడింది. కోచ్ మేడం వచ్చి, వచ్చే నెల ఉద్యోగం సంగతి చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది, అంతవరకు బావకి ఆ సంగతి తెలియదు. "దొంగ పాసుమీద వచ్చినావిడకా మనుషుల ప్రాణాలు అప్పగిస్తారు?" అన్నాడు. మేనేజరు ఒప్పుకున్నాడు. పోస్టు రద్దు, అక్కకి గేటులోపలికి ప్రవేశం లేదు, కోచ్ మేడం సంజాయిషీ రాసివ్వాలి. అందరూ తలొక దిక్కూ చూస్తూ వెళ్ళిపోయారు.

ఇంటికి ఆయన ముందు నడిచాడు, అది వెనక నడిచింది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడట. ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడట. పొద్దున్నే లేచి కూతురికి ఫోన్ చేశాడు.

"బంగారం, దొరికిందే! మూడింటికీ ఒకటే జవాబు!"

మేనేజరు ఆయన్ని పిలిచి గేటు దగ్గర పాసులు చూసే పని ఇచ్చాడు. ఇలాంటి మనిషికోసమే చూస్తున్నామన్నాడట. నీలం చొక్కా ఇచ్చారు, జేబుమీద బిళ్ళ తగిలించారు. ఆడవాళ్ళ గంటలో కూడా ఆయనే. కూతురు ఆ చొక్కాతో ఫొటో తీయించుకుని పంపమంది, తన ఆఫీసులో అందరికీ చూపించిందట. అమ్మ సంగతి విని ఆ పిల్లా బాధపడింది, కాదనను. "అమ్మా, నీక్కూడా ఏదైనా వెతుకుదాంలే. ఇంట్లో కూర్చుని చేసుకునేది" అంది. "నాకెందుకులేమ్మా" అంది అక్క.

పోస్టాఫీసు ఆవిడ మానేసిందని విన్నాను. మళ్ళీ మోకాళ్ళలోతులో కేకలు పెట్టిందట, ఈసారి చెయ్యి పెట్టేవాళ్ళు లేరు.

నేను ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించాను. వెళ్తే ఆయన గొంతు పిసకాలనిపిస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు ఆయన డ్యూటీనుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. ఆయన విప్పిన చొక్కా మిగతా బట్టల్లో కలపకుండా అక్క విడిగా తీసుకెళ్ళింది. స్నానాలగది తలుపు ఓరగా ఉంది. నీలం చొక్కాని ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఆ కొలను మందు వాసన నాకు పడదు గానీ, ఆ ఇంట్లోకి ఆ వాసన రావడానికి మిగిలిన దారి ఆ చొక్కా ఒక్కటే. తర్వాత బకెట్ నింపి, కుళాయి కట్టకుండానే చొక్కాని ముంచి, మోచేతులదాకా చేతులు నీళ్ళలో పెట్టి అలాగే కూర్చుంది. వెల్లకిలా ఉన్న దాని అరచెయ్యి మీద చొక్కా మెడ ఉంది. చూస్తూ ఉండగానే మెల్లిగా చెయ్యి తీసేసింది. చొక్కా ఒక్క క్షణం తేలి, మునిగిపోయింది.

"ఏమే, కుళాయి కట్టెయ్" అని అరిచాడు హాల్లోంచి.

అక్క కట్టేసింది.